పచ్చలైటు సాక్ష్యం చెల్లదు

మే నెల. విజయవాడలో మా ఇంట్లో రోజూ సాయంత్రం ఏడు దాటితే వైఫై పోయేది. రూటర్ మీది లైట్లన్నీ ఒక్కసారి ఆరిపోయి, మళ్లీ ఒక్కొక్కటే వెలిగేవి. రెండు నిమిషాల్లో నెట్ వచ్చేది, పావుగంటకి మళ్లీ పోయేది. ఫిర్యాదు చేస్తే ఒక కుర్రాడొచ్చి రూటర్ మార్చాడు. కొత్త పెట్టెకి పాత అడాప్టరే తగిలించి, "ఇది బానే ఉందండి, లైటు వెలుగుతోందిగా" అని వెళ్లిపోయాడు. మర్నాడు ఏడింటికి కొత్త రూటరూ అదే పాట అందుకుంది.

అడాప్టర్ పట్టుకుని వీధి చివర రిపేరు కొట్టుకి వెళ్లాను. కొట్టతను మీటరు పెట్టాడు. 12.2 చూపించింది.

"ఓల్టేజీ ఫుల్లుగా ఉంది సార్. పోయింది మీ రూటరే."

"రూటర్ నిన్ననే మార్చారయ్యా. ఓసారి లోడు పెట్టి చూడు."

అతను సొరుగులో వెతికి 12 ఓముల సిమెంటు రెసిస్టర్ ఒకటి తీశాడు. తెల్లగా, చిన్న సుద్దముక్కలా ఉంటుంది. దాన్ని పిన్నుకి అడ్డంగా పెట్టగానే 12.2 కాస్తా 8కి జారింది. తర్వాత 5, మళ్లీ 9, మళ్లీ 6. అంకెలు కుదురుగా నిలబడలేదు. అడాప్టర్ మీద పచ్చలైటు మాత్రం వెలుగుతూనే ఉంది.

అడాప్టర్ల గురించి ఇళ్లలో, కొట్లలో వినపడే అభిప్రాయాలన్నీ పోగేస్తే మూడు వాదాలు తేలతాయి. లైటు వెలిగితే మంచిదేననేది మొదటిది. కరెంటు పోయి వచ్చినప్పుడు వచ్చే పోటుకే అడాప్టర్లు పోతాయనేది రెండోది. ఓల్టులు, పిన్ను సరిపోతే ఏదైనా తగిలించొచ్చనేది మూడోది. మొదటిది తప్పు. రెండోది సగం నిజం. మూడోది నిజానికి దగ్గరగా ఉంటుంది గానీ మిగిలిన కొంచెంలోనే సామాను కాలుతుంది.

ముప్ఫై ఏళ్ల కిందట అడాప్టర్‌ని మనం ఎలిమినేటర్ అనేవాళ్లం. అరచేతిలో పెడితే బరువు తెలిసేది. లోపల ఇనుప కోర్ మీద రాగి తీగ చుట్టిన ట్రాన్స్‌ఫార్మర్, నాలుగు డయోడ్లు, ఒక కెపాసిటర్, అంతే. పక్కన 3, 4.5, 6, 9, 12 అని జరిపే స్విచ్చు ఉండేది. దాని మీద 12 అని రాసి ఉన్నా ఏమీ తగిలించకుండా మీటరు పెడితే 16 దాకా చూపించేది. అది లోపం కాదు, దాని తత్వమే అంత. భారం పడితే 12కి దిగేది. అందులో పోయేవి కూడా తక్కువే. కెపాసిటర్ ఎండితే రేడియోలో 'గుయ్' మంటూ 100 హెర్ట్జ్ హమ్మింగ్ వచ్చేది. వైండింగ్ లోపల దాచిన థర్మల్ ఫ్యూజు పోతే మొత్తం చచ్చేది.

ఇప్పుడు ఇంట్లో ఉన్నవి దాదాపు అన్నీ ఎస్ఎంపీఎస్ (స్విచ్ మోడ్ పవర్ సప్లై) జాతి. గోడలోంచి వచ్చే 230 వోల్టుల ఏసీని ముందు డయోడ్లతో తిన్నగా డీసీ చేస్తాయి. అప్పుడది 325 వోల్టులవుతుంది. 400 వోల్టులు తట్టుకునే ఒక కెపాసిటర్ దాన్ని నిలవ ఉంచుతుంది. ఒక చిన్న చిప్పు దాన్ని సెకనుకి పదుల వేల సార్లు ఆపి వదులుతుంటే అగ్గిపెట్టెలో పట్టే ఫెర్రైట్ ట్రాన్స్‌ఫార్మర్ అవతల 12 వోల్టులు పుట్టిస్తుంది. ఆ 12 పెరిగిందా తగ్గిందా అనే కబురు ఆప్టోకప్లర్ అనే నాలుగు కాళ్ల పురుగు వెలుతురు రూపంలో ఇవతలికి మోస్తుంది. ఇటు 325 వోల్టుల యమపాశం, అటు పిల్లలు పట్టుకునే పిన్ను. ఈ రెంటి మధ్య తీగ సంబంధం లేకుండా చూడటమే ఈ ఏర్పాటంతటి ఉద్దేశం.

బరువు తగ్గింది, ధర తగ్గింది, ఆయుష్షు కూడా తగ్గింది. కారణం ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్. అల్యూమినియం డబ్బాలో తడి కాగితం చుట్ట అనుకోండి. ఆ తడి ఆరిపోతే దాని పని అయిపోయినట్టే. డబ్బా మీద '105 డిగ్రీలు' అని అచ్చు ఉంటుంది. చాలావాటికి ఆ వేడి దగ్గర కంపెనీ చెప్పే ఆయుష్షు 2000 గంటలు, అంటే 83 రోజులు. పది డిగ్రీలు తగ్గిన కొద్దీ ఆయుష్షు రెట్టింపవుతుందని ఇంజనీర్ల మోటు లెక్క. అడాప్టర్ లోపల 65 డిగ్రీలుంటే 32,000 గంటలు వస్తాయి. రూటర్ ఇరవై నాలుగు గంటలూ పనిచేసేది కనుక అది మూడున్నరేళ్ల పైచిలుకు. అదే 55 డిగ్రీలయితే ఏడేళ్లు దాటుతుంది. టీవీ వెనక గూట్లో, గాలాడని స్పైకు బోర్డులో, రెంటచింతల ఎండల్లో మే నెల గడిపే అడాప్టర్‌కి ఈ రెంటిలో ఏ లెక్క వర్తిస్తుందో మీరే ఊహించుకోవచ్చు. మా అడాప్టర్ నాలుగో ఏట ఉంది.

కరెంటు పోటు వాదం దగ్గర కాస్త ఆగాలి. ఎందుకంటే జనం చెప్పే లక్షణం నిజమే, చెప్పే కారణమే చాలాసార్లు తప్పు. 'నిన్నటిదాకా బాగానే ఉంది, రాత్రి కరెంటు పోయి వచ్చింది, పొద్దున్నుంచి లేవడం లేదు' అంటారు. పోటు వచ్చిందని తీర్మానిస్తారు. అడాప్టర్‌లోని చిప్పు పని మొదలుపెట్టడానికి దానికీ కాస్త కరెంటు కావాలి. 10 లేదా 22 మైక్రోఫారడ్ల చిన్న కెపాసిటర్ ఒకటి ఆ తొలి విడత కరెంటు కూడబెట్టి ఇస్తుంది. చిప్పు ఒకసారి లేస్తే ట్రాన్స్‌ఫార్మర్‌లోని వేరే చుట్ట దానికి తిండి పెడుతుంది. చిన్న కెపాసిటర్ రెండేళ్ల కిందటే సగం ఎండి ఉండొచ్చు. వేడిగా నడుస్తున్నంతకాలం ఆ లోటు బయటపడదు. కరెంటు గంటసేపు పోయి, అడాప్టర్ చల్లారి, మళ్లీ మొదటి నుంచి లేవాల్సి వచ్చినప్పుడు బయటపడుతుంది. చిప్పు లేవబోతుంది, తిండి చాలక పడిపోతుంది, మళ్లీ లేవబోతుంది. చెవి దగ్గర పెట్టుకుంటే టిక్, టిక్, టిక్ అని వినిపిస్తుంది. ఇలాంటిదాన్ని ప్లగ్గులోంచి తీసి, తల ఆరబెట్టుకునే హెయిర్ డ్రయర్‌తో రెండు నిమిషాలు పైపైన వెచ్చబెట్టి మళ్లీ పెడితే ఒక్కోసారి బతికినట్టు లేస్తుంది. లేచిందంటే పోటు కాదు, ముసలితనం. హెయిర్ డ్రయర్ చూపించేది జబ్బు ఏమిటో మాత్రమే, మందు కాదు.

నిజమైన పోటు కూడా ఉంది, దాని ఆనవాళ్లు వేరు. వీధి ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరో మీటరు దగ్గరో న్యూట్రల్ తెగితే మూడు ఫేజుల మధ్య ఇళ్లు ఇరుక్కుంటాయి. తక్కువ లోడు ఉన్న ఇంటికి 400 వోల్టుల దాకా రావొచ్చు. దాన్ని డీసీ చేస్తే 560 దాటుతుంది. 400 వోల్టులకి చేసిన కెపాసిటర్ ఏమవుతుంది? టపాకాయలా పేలుతుంది. లోపల మసి, ముక్కు పుటాలదిరే కంపు. పైగా ఆ రాత్రి అడాప్టర్ ఒక్కటే పోదు. ఎల్ఈడీ బల్బులు, సెట్ టాప్ బాక్సు, పక్కింటివాళ్ల ఫ్యాన్ రెగ్యులేటర్ కూడా పోతాయి. నాలుగు సామాన్లు ఒకేసారి పోతే లైన్‌మన్‌ని పిలవండి. ఒక్కటే పోతే దాని వయసు చూడండి.

ఎవరూ పట్టించుకోని మూడో ముద్దాయి స్విచ్ బోర్డు. మన ఇళ్లలో అయిదు ఆంపుల సాకెట్ మన గుండ్రటి పిన్నుల కోసం చేసింది. ఆ పిన్ను లావు సుమారు 5 మిల్లీమీటర్లు. చాలా అడాప్టర్లకి వచ్చేవి యూరప్ తరహా 4 మిల్లీమీటర్ల సన్న పిన్నులు. అవి లోపల వదులుగా వేలాడతాయి. అడాప్టర్ బరువుకి కిందికి వంగి, సర్‌సర్ మని నిప్పురవ్వలు కొడుతుంటాయి. రవ్వ పడ్డ ప్రతిసారీ అడాప్టర్ ఒకసారి ఆగి లేచినట్టే. మల్టీప్లగ్గులో అయితే ఈ గోల మరీ ఎక్కువ. కాబట్టి అనుమానించాల్సిన వరుసలో అడాప్టర్ కంటే ముందు సాకెట్ ఉండాలి. వేరే గదిలో, బిగుతుగా ఉండే సాకెట్‌లో పెట్టి ఒక సాయంత్రం చూడటానికి ఖర్చేమీ లేదు.

అడాప్టర్ నీరసపడితే ఒక్కో సామాను ఒక్కోలా గోల పెడుతుంది. అసలు చిక్కు ఇక్కడే ఉంది. తప్పు అడాప్టర్‌ది, నింద సామానుది. రూటర్ లోపల 12ని 3.3కీ ఇంకా కిందికీ దించుకునే ఏర్పాటు ఉంటుంది కనుక కాస్త జారినా ఓర్చుకుంటుంది. సాయంత్రం ఇంటిల్లిపాదీ ఫోన్లు కలిపి అది ఎక్కువ కరెంటు తాగే వేళకి చేతులెత్తేస్తుంది. సీసీ కెమెరా పగలు బొమ్మ చక్కగా చూపించి, చీకటి పడగానే మాయమవుతుంది. కెమెరా పోయిందని కొత్తది కొంటారు. నిజానికి చీకట్లో దాని చుట్టూ ఉన్న ఇన్‌ఫ్రారెడ్ దీపాలు వెలుగుతాయి, లోడు పెరుగుతుంది, అడాప్టర్ ఆ బరువు మోయలేదు. ఆర్వో వాటర్ ఫిల్టర్లలో చాలావాటికి 24 వోల్టుల అడాప్టర్ ఉంటుంది. అది నీరసపడితే పంపు మూలుగుతుంది గానీ నీళ్లు ఎక్కవు. పంపు మార్చాలంటారు. అన్నిటికంటే బాధ కలిగించేది టేబుల్ మీద పెట్టే పెద్ద ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కు. దాని మోటారుకి 12 వోల్టులు కావాలి. చాలకపోతే తిరగబోయి ఆగి టిక్కుమంటుంది. పెళ్లి ఫోటోలన్నీ పోయాయని ఏడ్చి, డేటా రికవరీకి వేలు పోసే ముందు ఇంకో అడాప్టర్ పెట్టి చూడాలి. ల్యాప్‌టాప్‌ల కథ వేరు. డెల్ వాటి పిన్ను మధ్యలో సన్నటి సూది ఒకటి ఉంటుంది. అది కరెంటు మోయదు, 'నేను ఫలానా అడాప్టర్‌ని' అని ల్యాప్‌టాప్‌కి చెబుతుంది. ఆ సన్న తీగ తెగితే ల్యాప్‌టాప్ నడుస్తుంది, బ్యాటరీ మాత్రం ఎక్కదు. బ్యాటరీ మార్చినా ఫలితం ఉండదు.

పరీక్షకి పెద్ద సరంజామా అక్కర్లేదు. మూడొందల రూపాయల పసుప్పచ్చ మల్టీమీటర్ చాలు. డయల్ డీసీ 20 దగ్గర, ఎర్ర తీగ వోల్టుల రంధ్రంలో ఉండాలి. 10 ఆంపుల రంధ్రంలో మర్చిపోయి పెడితే అది తిన్నగా షార్ట్ చేసినట్టే. ఊరికే చూసిన అంకె అడాప్టర్ పూర్తిగా చచ్చిందా లేదా అన్నంతవరకే చెబుతుంది. బలం తెలియాలంటే బరువు పెట్టాలి. 12 వోల్టులు, 1 ఆంపు అని రాసి ఉంటే 12 ఓముల రెసిస్టర్ ఆ మొత్తం లాగుతుంది. 12 వాట్ల వేడి పుడుతుంది కాబట్టి 20 వాట్లది వాడాలి, చేత్తో ముట్టుకోకూడదు. పింగాణీ పళ్లెంలో పెట్టుకోండి. పది నిమిషాలు వదిలేస్తే మంచి అడాప్టర్ 11.5కి పైనే నిలబడుతుంది. రెసిస్టర్ దొరక్కపోతే కొందరు మెకానిక్కులు బైకు బల్బు వాడతారు. చల్లగా ఉన్న ఫిలమెంటు మొదటి క్షణంలో పది రెట్ల దాకా కరెంటు లాగుతుంది. దానికి జడిసి మంచి అడాప్టర్ కూడా ఆగిపోవచ్చు. అందుకని బల్బు పరీక్షలో నెగ్గితే నమ్మొచ్చు, ఓడితే నమ్మకూడదు.

లోడు ఉండగానే తీగని మెడ దగ్గర, పిన్ను దగ్గర అటూ ఇటూ వంచి చూడాలి. నా అనుభవంలో సగం 'పోయిన' అడాప్టర్లు అక్కడే దొరుకుతాయి. పెట్టె బాగుంటుంది, రబ్బరు లోపల రాగి పోగులు తెగి ఉంటాయి. పిన్నుకి నాలుగంగుళాల పైన కోసి కొత్త పిన్ను టంకం పెట్టిస్తే తీరిపోతుంది. తెల్లచార ఉన్న తీగ పాజిటివ్ కావడం రివాజే గానీ చట్టం కాదు. మీటరు పెట్టి చూసుకున్నాకే అతికించాలి.

పెట్టె విప్పాలా వద్దా? ఈ విషయంలో మెకానిక్కులతో నాకు కొంచెం భేదాభిప్రాయం ఉంది. ఎండిన కెపాసిటర్ ఖరీదు పది రూపాయలు కూడా ఉండదు, మార్చడం పావుగంట పని. ల్యాప్‌టాప్ అడాప్టర్‌కి, 24 వోల్టుల పెద్దవాటికి ఆ పని తెలిసినవాళ్లు చేస్తే మంచిదే. రూటర్‌ది మాత్రం కరిగించి అతికించిన పెట్టె. పగలగొడితే తప్ప తెరుచుకోదు, తెరిచాక మళ్లీ పాత గట్టితనం రాదు. ఫెవిక్విక్ పూసి, పైన ఇన్సులేషన్ టేపు చుట్టిన అడాప్టర్‌ని పిల్లలు తిరిగే ఇంట్లో సాకెట్‌కి పెట్టడం నాకు ఇష్టం ఉండదు. ఇంట్లో కూర్చుని సరదాకి విప్పేవాళ్లకి ఒక్క మాట. ప్లగ్గు తీసినా ఆ 400 వోల్టుల కెపాసిటర్ కొంతసేపు నిండుగానే ఉండొచ్చు. ముట్టుకుంటే దాని కోపం భుజం దాకా తెలుస్తుంది.

అయినా మా దాన్ని విప్పించాను, మనసు ఆగక. కొట్టతను బెంచి వైసులో అంచు బిగించి ఒక్క నొక్కు నొక్కితే పెట్టె రెండు చిప్పలయింది. అవుట్‌పుట్ వైపు 16 వోల్టుల, 470 మైక్రోఫారడ్ల ఆకుపచ్చ కెపాసిటర్ ఉంది. దాని నెత్తిన సమంగా ఉండాల్సిన అడ్డగీతల రేకు కాస్త పొంగి గుండ్రంగా లేచింది. కాళ్ల దగ్గర బోర్డు మీద డికాషన్ చిందినట్టు మరక. అతను దాన్ని గోటితో గీకి వాసన చూసి మొహం పక్కకి తిప్పుకున్నాడు. చేపల కంపు. ఇలా పొంగే కెపాసిటర్లకి పెద్ద చరిత్రే ఉంది. 2000 తర్వాతి తొలి ఏళ్లలో చెడ్డ రసం నింపిన కెపాసిటర్లు వచ్చి ప్రపంచమంతా కంప్యూటర్ మదర్‌బోర్డులు రాలిపోయాయి. ఇప్పటివాటికి ఆ శాపం లేదు, వేడి ఒక్కటే ఉంది.

ఇక మార్చడం. కొట్లో, ఇంట్లో వినిపించే భయం ఒకటుంది. '2 ఆంపులది పెడితే 1 ఆంపు రూటర్ కాలిపోతుంది' అని. కాలదు. మేడ మీద ట్యాంకు పెద్దదైనంత మాత్రాన కుళాయిలోంచి నీళ్లు ఎగజిమ్మవు, ట్యాంకు ఎంత ఎత్తున ఉందన్నదే లెక్క. ఎత్తు వోల్టులు, ట్యాంకు ఆంపులు. వోల్టులు సమానంగా ఉండాలి, ఆంపులు సమానంగానో ఎక్కువగానో ఉండాలి. తక్కువైతేనే ప్రమాదం. పిన్ను విషయంలో మోసం కంటికి కనపడదు. బయటి వ్యాసం 5.5 మిల్లీమీటర్లే, లోపలి రంధ్రం 2.1 ఒకదానికి, 2.5 ఇంకోదానికి. 2.5 పిన్నుని 2.1 సాకెట్‌లో పెడితే దూరుతుంది, వదులుగా తగిలీ తగలక రూటర్ మళ్లీ పాత జబ్బే చూపిస్తుంది. లేబుల్ మీద చిన్న బొమ్మ ఉంటుంది, మధ్య చుక్క, చుట్టూ అరచంద్రం. చుక్క నుంచి గీత ప్లస్సుకి వెళ్తే మధ్య పిన్ను పాజిటివ్. రూటర్లు, కెమెరాలు దాదాపు అన్నీ అంతే. పాత కాసియో కీబోర్డులకి, గిటారు పెడల్స్‌కి మాత్రం తిరగేసి ఉంటుంది. సంగీతం నేర్చుకునే పిల్లలున్న ఇంట్లో రూటర్ అడాప్టర్ చేతికందిందని కీబోర్డుకి తగిలించకండి.

అమెరికా నుంచి వచ్చిన సామానుకి ఇంకో గండం. లేబుల్ మీద ఇన్‌పుట్ 100-240 అని ఉంటే పిన్ను మార్చుకుంటే చాలు. 120 అని మాత్రమే ఉంటే, ముఖ్యంగా బరువుగా ఉంటే, అది పాత ఇనుప జాతి. మన 230కి పెట్టిన అయిదు నిమిషాల్లో పొగ వస్తుంది. కాన్వాసు సంచిలో దాచుకుని తెచ్చిన మసాజ్ యంత్రాలు ఇలా ఎన్ని ఆహుతయ్యాయో ప్రతి తెలుగింట్లో ఒక కథ ఉంటుంది.

కొనేటప్పుడు చూడాల్సింది ధర కాదు, లేబుల్. మన దేశంలో 2012 నాటి తప్పనిసరి రిజిస్ట్రేషన్ ఉత్తర్వు కిందికి తర్వాత అడాప్టర్లూ వచ్చాయి. బీఐఎస్ గుర్తు, ఆర్ అక్షరంతో మొదలై ఎనిమిది అంకెలుండే నంబరు ఉండాలి. ఆ నంబరుని బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే ఏ కంపెనీ, ఏ సామానుకి తీసుకుందో తేలుతుంది. హైదరాబాద్ కోఠీ గుజరాతీ గల్లీలో అసలూ నకిలీ పక్కపక్కనే వేలాడుతుంటాయి, రంగులోనూ రాతలోనూ తేడా ఉండదు. విప్పితే తేడా తెలుస్తుంది. నకిలీదాంట్లో ఫ్యూజు ఉండదు, 325 వోల్టుల వైపుకీ 12 వోల్టుల వైపుకీ మధ్య 5, 6 మిల్లీమీటర్ల ఖాళీ ఉండాల్సిన చోట రెండు మూడే ఉంటుంది. మంచి అడాప్టర్ తగిలించిన సెట్ టాప్ బాక్సు మీద కూడా టెస్టరు పెడితే లైటు వెలుగుతుంది, వేలికి చిరచిరలాడుతుంది. ఆ రెండు వైపుల్నీ కలిపే వై కెపాసిటర్ గుండా వచ్చే అతి చిన్న లీకేజీ అది, ప్రమాణాలు ఒప్పుకున్నదే. నకిలీవాడు ఆ చోట మామూలు కెపాసిటర్ వేస్తే, అది షార్టయిన రోజు 230 వోల్టులూ మీ వేలికి వస్తాయి. అందుకే ఈ ఒక్కచోట నేను వంద రూపాయల ఆదాకి ఒప్పుకోను.

యూరోపియన్ యూనియన్‌లో 2024 డిసెంబరు 28 నుంచి ఫోన్లు, ట్యాబ్లెట్లు, కెమెరాలన్నిటికీ ఒకే టైప్-సి పిన్ను తప్పనిసరి చేశారు. మన దగ్గరా ఫోన్లకి దాదాపు అదే స్థిరపడింది. అడాప్టర్ల సొరుగు ఖాళీ అవుతుందని చాలామంది ఆశ. రూటర్లకి ఆ ఆశ ఇప్పట్లో తీరేలా లేదు. టైప్-సి పవర్ డెలివరీలో ఖాయంగా దొరికే మెట్లు 5, 9, 15, 20 వోల్టులు. మన ఇళ్లలో ఎక్కువ సామాన్లు అడిగేది 12. కొన్ని ఛార్జర్లు 12 ఇస్తాయి, చాలా వాటికి అది రాదు. టైప్-సి నుంచి రూటర్ పిన్నుకి మార్చే తీగ కొని పెట్టుకుంటే, ఛార్జర్ 12 లేదంటే తీగ 9కో 5కో సర్దుకుంటుంది. రూటర్ లైట్లు మళ్లీ ఆరి వెలుగుతాయి.

మా సొరుగులో పద్నాలుగు అడాప్టర్లున్నాయి. ఆ వారం అన్నిటినీ లోడు పెట్టి చూసి, మాస్కింగ్ టేపు మీద వోల్టులు, తేదీ రాసి అంటించాను. మూడు చచ్చాయి, వాటిని ఈ-వేస్ట్ పెట్టెలో వేశాను. రెండింటికి లేబుల్ చెరిగిపోయింది, అవీ పోయాయి. మిగిలిన తొమ్మిదిలో ఒకటి మాత్రం ఎటూ తేలలేదు. నల్లగా, నిక్షేపంలా ఉంది. 13.5 వోల్టులు, 1.2 ఆంపులు. లోడు మీద అంకె ఇసుమంత కదల్లేదు. అది ఏ సామానుతో వచ్చిందో ఇంట్లో ఎవరికీ గుర్తులేదు. పారేద్దామంటే, "ఆ మిషను ఎక్కడో అటక మీద ఉండే ఉంటుందండీ" అంటుంది మా ఆవిడ.